మా నంబరు రెండు వందల పన్నెండు

షాద్‌నగర్,
5-5-1997, సోమవారం.

కొడుకు ఇస్రాయేలుకు, మీ అమ్మ జానమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించి రాసుకున్న ఉత్తరం.

నీ నడుము నొప్పి ఎట్లున్నది బిడ్డా? పొద్దంత ఆ పెద్ద మిషన్ మీద కూసుంటే నొయ్యక ఏమైతది. కింద గోనెసంచి మలిచి ఏసుకొమ్మని చెప్పిన, ఏసుకుంటున్నవా? కోడలు ప్రమీలకు దగ్గు తగ్గిందా? డ్యాం కాడ సిమెంటు దుమ్ము మంచిది కాదు, మూతికి కొంగు కట్టుకొని తిరుగుమను. చిన్నోనికి పండ్లొస్తున్నయని రాసినవ్. కడుపు కారుతుంటే నాతోని దాచకుండ్రి. నేను ఫికర్ పడుతనని మీరు దాస్తరు, దాచిండ్రేమో అని నేను రెండింతలు ఫికర్ పడుత. నీళ్లు కాచి తాగుండ్రి.

ఇక్కడ ప్రభువు దయతోని నేను, నీ బిడ్డ ఎస్తేరు మంచిగనే ఉన్నం. నా కుడి కన్ను మసక పోలేదు, అందుకే వరుసలు ఎక్కుడు దిగుడు అయితున్నయ్, ఓపిక చేసుకొని చదువు. రేకుల మీద రాళ్లు పెట్టిచ్చినవా అని అడిగినవ్. పెట్టిచ్చిన. పెట్టిచ్చినంక ఆ రాళ్లే నెత్తిన పడుతయేమో అని ఇంకో భయం పట్టుకున్నది, అది వేరే సంగతి. ఎస్తేరు ఐదో తరగతి పాసైంది. లెక్కలల్ల క్లాసుకే రెండో నంబరు. సారు ఇంటికొచ్చి చెప్పి పోయిండు.

ఇగ నువ్వు అడిగిన అసలు ముచ్చట. పోయిన ఉత్తరంల ఇట్ల రాసినవ్: "అమ్మా, మహబూబ్‌నగర్ హాస్టల్ల ఆరో తరగతికి ఒక సీటు ఇస్తమన్నరు. ఎస్తేరు ఉంటదా ఉండదా అని నా అనుమానం. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చూసిన, రోడ్డు దాటాలన్న నీ కొంగు పట్టుకుంటది. ఆ కొత్త పార్కుల పడవ కాడికి తీస్కపో. ఒక్కతే కూసొని ఎక్కిందంటే హాస్టల్‌కు పంపుదం. భయపడితే ఇంకో ఏడాది నీ కాడనే ఉండనీ. ఎక్కిందా లేదా ఒక్క ముక్క రాయి."

ఆ ఒక్క ముక్క ఇదే. ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదంటే పిల్ల భయపడి కాదు. తప్పంత ఆ పార్కోళ్ల చీటీలది. ఎన్నడన్న పిల్ల చదువు సంగతి పడవలు చూసి తేల్చుకుంటరా, నీకైనా బుద్ధి ఉండాలె కదా అని అడుగుదమనుకున్న గని అది తర్వాత అడుగుత. ముందు చీటీల సంగతి విను.

మొన్న శనివారం పొద్దున్నే పులిహోర కలిపి, పెద్ద టిఫిన్ డబ్బాల పెట్టుకొని, బస్సెక్కి పోయినం. ఎండ అప్పటికే సుర్రుమంటున్నది. ఆ పడవంటే చెరువుల పడవ అనుకునేవు. ఇనుప గొలుసు దాన్ని కిర్రుకిర్రుమని మూడంతస్తుల ఎత్తుకు గుంజుకపోతది. అక్కడి నుంచి ఒక్కసారే నీళ్లలకు విడుస్తరు. లోపలున్నోళ్లు నవ్వుతున్నరో ఏడుస్తున్నరో దేవునికే ఎరుక. దానికోసం కల్వకుర్తి నుంచి, జడ్చర్ల నుంచి జీపులు మాట్లాడుకొని వస్తున్నరు. అంతమంది వచ్చినంక లైను ఉండాలె కదా? లైను లేదు!

అక్కడ బల్ల ఏసుకొని కూసున్నాయన ఒక చీటీ మీద ముద్ర గుద్ది ఇచ్చిండు. దాని మీద 212.

"పోయి తిరిగి రాండ్రి. ఆకలైతే తినుండ్రి. మీ నంబరొస్తే మైకుల పిలుస్తం, బోర్డు మీద కూడ ఏస్తం" అన్నడు.

"లైను యాడ నాయినా?" అన్న.

"లైను లేదవ్వా. చీటీనే లైను."

"మనిషి నిలబడంది లైను ఎట్లయితది?"

"ఇది కొత్త పద్ధతి. నువ్వు నీడకు కూసో, నీ జాగా ఎక్కడికి పోదు."

నా జాగా ఎక్కడికి పోదట! నలభై ఏండ్లు నిలబడ్డ బిడ్డా నేను. రేషన్ బియ్యానికి, దవాఖానల మందుకు, నీ కులం సర్టిఫికెట్‌కు. చెంబు పట్టుకొని జర పక్కకు పోయి వచ్చేసరికి నా జాగా మాయమైన దినాలు ఎన్ని లేవు? కిరోసిన్ కాడ కూడ డబ్బా పెట్టి, దాంట్ల రాయి ఏసి పోతం. డబ్బా ఉన్నదంటే మనిషి ఉన్నట్టు. గని ఉత్త కాయిదం ముక్క కొంగున కట్టుకొని తిరుగుమంటే నా పానం ఎట్ల నిలుస్తది? గందుకే పోయి పడవ గేటు ముంగట నా టిఫిన్ డబ్బా పెట్టిన. పెట్టి ఎదురుంగ చింతచెట్టు నీడకు కూసున్న.

నేను చేసిన తప్పేమన్న ఉంటే అదొక్కటే అనుకో. నా డబ్బాను జడ్చర్ల నుంచి వచ్చిన తాహేరా అనేటామె చూసింది. ఓహో, ఇక్కడ సామాన్లు పెట్టాలేమో అనుకొని తన చెప్పులు ఇడిచి డబ్బా వెనుక పెట్టింది. ఆమె వెనుక ఆమె ఆడబిడ్డ సంచి. దాని వెనుక ఎవరిదో గొడుగు, పాల సీస, తువ్వాల, జత లేని చెప్పు ఒకటి. పదకొండు గంటలకు ముప్పై నలభై సామాన్లు వరుసగ కూసున్నయ్ బిడ్డా, మనుషులందరు నీడకు. నాకు పానం నిమ్మళమైంది. ఇగ ఇది లైను అనుకున్న.

గేటు కాడ ఐలేశం అని ఒక వాచ్‌మన్ ఉన్నడు. తిని వచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు.

"ఎవరిది ఈ డబ్బా? ఇదేమన్న కిరోసిన్ దుకాణమా?"

"నాదే కొడుకా, జర పదిలం. పులిహోర ఉన్నది" అన్న.

"తియ్యవ్వా! చీటీ ఇచ్చినం కదా!"

"చీటీ నా కాడనే ఉన్నది. డబ్బా కూడ ఉండనీ. నీకేం అడ్డం?"

అంతల తాహేరా ఉట్టి కాళ్లతోని కాలే బండల మీద దుంకుకుంట వచ్చింది. "అవ్వ డబ్బా తీస్తే నా చెప్పులు ముందుకొస్తయ్. ముందుగాల నన్ను పంపాలె!"

"నీ చీటీ నంబరెంతమ్మా?"

"మూడు వందల ఆరు. అయితేంది? చెప్పులు రెండో నంబరు!"

"చెప్పులను ఎక్కియ్యాల్నా, నిన్ను ఎక్కియ్యాల్నా?" అన్నడు ఐలేశం. అందరు నవ్విండ్రు. గొడుగాయన మాత్రం నవ్వలేదు. చీటీ ప్రకారం ఆయనది నూటా ఎనభై, సామాను ప్రకారం నాలుగో జాగా. రెండిట్ల ఏది ముందొస్తే అది నాదే అని కూసున్నడు. ఆ లొల్లి ఇంతంత కాదు. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, సామాన్లన్ని తీసి పక్కన కుప్ప పోయించిండు. ఎవరి చెప్పు ఎవరిదో ఏరుకునేసరికి అరగంట పట్టింది.

ఆ లొల్లిల మైకుల ఏం చెప్పిండ్రో ఏం వినబడుతది చెప్పు? మేము చూసేసరికి బోర్డు మీద రెండు వందల నలభై ఉన్నది. బల్ల కాడికి పోయి అడిగితే, "మీ టైం దాటిపోయిందవ్వా, మల్ల కొత్త చీటీ తీసుకో" అని ఇంకోటి ఇచ్చిండు. దాని మీద ఐదు వందల చిల్లర. అది వచ్చేసరికి ఆఖరు బస్సు పోతదని ఇంటికొచ్చినం. మనుషులు నిలబడే లైనైతే ఇట్లయ్యేదా? ముందటామె నడిచినప్పుడు నేను కూడ నడుస్తుంటి.

ఇదీ సంగతి. పిల్ల ఎక్కలేదు గనుక నువ్వు అన్న మాట ప్రకారం ఈ ఏడాది నా కాడనే ఉంటది. హాస్టలోళ్లకు ఆ సీటు వేరేటోళ్లకు ఇచ్చుకొమ్మని రాసెయ్.

ఇక్కడిదాక రాసి, కవర్ల పెట్టి, అన్నం మెతుకులతోని అతికిద్దమని మెతుకులు కూడ నలిపిన. గని అతికియ్యలేదు. కాయిదం మల్ల బయటికి తీసిన. ఇస్రాయేలూ, పైన రాసిన దాంట్ల లొల్లి నిజమే. వినబడలేదన్నది నిజం కాదు.

మైకుల మా నంబరు పిలిచినప్పుడు లొల్లి అయిపోయింది. తాహేరా చెప్పులు ఏసుకొని పోయింది కూడ. డబ్బా నా చేతిలనే ఉన్నది. "రెండు వందల ఒకటి నుంచి రెండు వందల ఇరవై రాండ్రి" అని మంచిగ, నిమ్మళంగ పిలిచిండ్రు. నేను ఇన్న. నా పక్కన ఎస్తేరు నిలబడ్డది. పొద్దటి నుంచి ఉరుక్కుంట పోయి బోర్డు చూసి వచ్చి, "అవ్వా నూటా పది, అవ్వా నూటా అరవై" అని నాకు చెప్పిన పిల్ల. నీ బిడ్డకు జరంత భయం లేదురా. కిందికి దిగేటప్పుడు చేతులు పైకి లేపాల్నట, పట్టుకోవద్దట, నీళ్లు ముందు కూసున్నోళ్ల మీదనే ఎక్కువ పడుతయట, అన్ని తెలుసుకొని పెట్టుకున్నది. ముందట కూసుంట అన్నది.

కొంగు ముడి ఇప్పితే చీటీ. చీటీ ఇస్తే పడవ. పడవ దిగి నవ్వుకుంట వస్తే హాస్టల్. నువ్వు రాసిన ముక్క నా కండ్ల ముంగట తిరిగింది. జూన్ల నేనొక్కదాన్నే ఆ అర్రల ఉంటనని తిరిగింది. ముడి మీద చెయ్యి పెట్టుకొని ఐలేశం దిక్కు మల్లిన. "నా డబ్బాకు సొట్ట పడ్డది, ఎవరిస్తరు?" అని పెద్ద గొంతుతోని మొదలుపెట్టిన. ఆ సొట్ట ఎప్పటిదో. పాపం ఆ పిలగాడు "యాడ అవ్వా, సూపియ్యి" అని వంగి చూస్తున్నడు. ఇంకోసారి పిలిచిండ్రు. ఆఖరుసారి అని మూడోసారి పిలిచిండ్రు. నేను అరుస్తనే ఉన్న.

ఎస్తేరు బోర్డు దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. కింద కూసొని చెప్పులకు అంటిన మట్టి పుల్లతోని గీకుకుంట ఉన్నది.

ఇల్లు చేరినంక పక్కింటి బిక్షమ్మ వచ్చి గడపల కూసున్నది. "ఏమే, పడవ ఎట్లున్నది?" అని పిల్లను అడిగింది. నేను లోపల బియ్యం కడుగుతున్న.

"మా నంబరు రాలేదు పెద్దవ్వా. మైకు ఖరాబైంది."

"మైకు ఖరాబైతే బోర్డు లేదటనే?"

"బోర్డు కూడ బందయింది. కరెంటు పోయింది."

బియ్యం కడిగేటి చెయ్యి అట్లనే నీళ్లల్ల ఉన్నది నాకు. ఎవరి పెన్సిలో దొరికితే రెండు వీధులు తిరిగి ఇచ్చొచ్చే పిల్ల అది. పదేండ్లు దగ్గర పెట్టుకొని నేను నేర్పింది ఇదా? నా తప్పు కప్పనీకి తడుముకోకుండ రెండు అబద్ధాలాడింది.

నిన్న ప్రార్థనకు గుడికి పోయేముందు పిల్లకు జడ ఏసుకుంట అడిగిన. "ఎందుకే అట్ల చెప్పినవ్?"

"బిక్షమ్మ పెద్దవ్వ నిన్ను నవ్వుతదని."

"పడవ ఎక్కాలని ఉండెనా?"

"నాయిన ఉత్తరం నేను కూడ చదివిన అవ్వా" అన్నది.

ఇంకో రెండు పాయలు అల్లిన. "మరి హాస్టల్‌కు పోవాలని ఉన్నదానే?" అన్న. సగం ఏసిన జడ నా చేతిల నుంచి గుంజుకొని ఎనుకకు మల్లి నా మొఖం చూసింది. అంగట్ల కొనేముందు సరుకు మంచిదా కాదా అని చూస్తమే, గట్ల చూసింది. చూసి, "నువ్వెట్లంటే గట్ల" అన్నది.

నాకు నా మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. నీ మీద కూడ వచ్చింది. ఏం పరీక్ష పెట్టినవ్ రా నువ్వు? పరీక్ష పిల్లకు పెట్టి, పేపరు నా చేతికిచ్చినవ్. నేను ఫెయిలైన. ఆ పిల్ల ఎప్పుడో పాసైంది, నీకు తెల్వదు, నేను తెల్వనియ్యలేదు.

పైన రాసిన ఆ మాట, సీటు వేరేటోళ్లకు ఇచ్చుకొమ్మన్నది, కొట్టేద్దమనుకున్న. కొట్టెయ్యలేదు, నేను ఎంతదాక పోయిన్నో నీకు తెల్వాలె. హాస్టలోళ్లకు అట్ల రాయకు. ఆ సీటు జూన్ దాక ఆపుమని రాయి. మే ఆఖరుకు నాలుగు దినాలు సెలవిస్తరని రాసినవ్ కదా, ప్రమీలను, చిన్నోన్ని తీసుకొని రా. పార్కుకు ఎస్తేరును నువ్వు తీస్కపో. చీటీ పిల్ల చేతికే ఇయ్యి, నీ జేబుల కూడ పెట్టుకోకు. నేను రాను. వస్తే మల్ల ఏదో ఒక లొల్లి పెట్టుకుంట, నా సంగతి నాకు తెలుసు.

ఎక్కి వచ్చినంక, తడి బట్టలు మార్చినంక, హాస్టల్ సంగతి నువ్వు పిల్లను అడుగు. అడిగేటప్పుడు నేను బిక్షమ్మ ఇంట్ల కూసుంట. నా మొఖం కనబడితే ఆ పిల్ల తన మాట చెప్పది. పోత అంటే జూన్ల నువ్వే మల్ల వచ్చి దించి పోవాలె. పోను అంటే పిల్ల పోను అన్నదని బిక్షమ్మ ఇంటికాడికి వచ్చి నాకు చెప్పు. రెండిట్ల ఏదైనా అన్నం తింట, ఫికర్ చేయకు. చేస్త అనుకో, అయినా తింట.

సెలవు సంగతి మీ సేటును ఇప్పుడే అడిగిపెట్టుకో, ఆఖరుకు లేదనిపియ్యకు. గురువారం బయలెల్లితే శుక్రవారానికి ఇల్లు చేరుతరు. పార్కుకు పోయేది మే నెల ముప్పై ఒకటి, శనివారం, పొద్దుగాల మొదటి బస్సుకు.

ఇట్లు,
మీ అమ్మ, ఎస్తేరుకు అవ్వ,
జానమ్మ.