కాడుగోడి పార్కులో నాన్న పేరు

ఎస్తేరక్కకు,

నీ చెల్లెలు సునీత వందనాలు. దేవుని కృపలో మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకోసారి కూడా రాస్తాను, నమ్ము.

ఉత్తరం మీ బడి అడ్రసుకు పంపుతున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెట్టకుండా మాట్లాడవు, అమ్మ పక్కనుంచి కదలదు. పిల్లల్ని ఆటకు వదిలి, ఒక్కదానివే కూర్చుని చదువు.

ఇక్కడ రోజూ సాయంత్రం ముసురు పడుతోంది, ఉతికిన యూనిఫాం ఆరడం లేదు. హాస్పిటల్లో డ్యూటీలు మామూలే. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. నువ్వు పంపిన కారప్పొడి లేకపోతే ఈపాటికి సన్యాసుల్లో కలిసిపోయేదాన్ని, అయిపోవచ్చింది, ఇంకాస్త పంపు. ఆదివారం తెలుగు చర్చిలో తప్ప మనసు విప్పి మాట్లాడే మనిషి దొరకదు. కన్నడం మాత్రం కొంచెం వస్తోంది. అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా, బోర్డులు కూడబలుక్కుంటూ నేర్చుకుంటున్నాను.

మొన్న ఈ ఊరి చివర కాడుగోడిలో ఒక పార్కు తెరిచారు. చాలా ఏళ్ల కిందట అక్కడ కాలువ కోసం లోతుగా తవ్వుతుంటే మట్టి విరిగిపడి తొమ్మిదిమంది కూలీలు పోయారట. చుట్టుపక్కలవాళ్లే వాళ్ల పేర్లతో ఒక రాయి నిలబెట్టి చెట్లు నాటారు. తర్వాత అది చెత్తకుప్ప అయింది. ఇప్పుడు కాలనీవాళ్లు పూనుకుని బాగుచేశారు. తెరిచే రోజు జనానికి ఉచితంగా బీపీ చూడమని మా హాస్పిటల్ వాళ్లు నన్ను పంపారు.

ఉపన్యాసాలు సాగుతూనే ఉన్నాయి. నా బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఊరికే కూర్చోలేక వెనకున్న రాయి మీది పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఆరో పేరు కోటయ్య, తండ్రి వీరయ్య, అద్దంకి.

అక్కా, మళ్లీ చదివాను. వేలు పెట్టి చదివాను. మన సర్టిఫికెట్లలో తండ్రి పేరు దగ్గర ఉన్నది ఇదే. మన పేటలో నాన్నను ఆ పేరుతో పిలిచినవాళ్లు ఎవరున్నారు? చర్చిలో యోహాను, ఇంట్లో యోహాను. మనవాళ్లందరికీ ఉన్నట్టే రేషన్ కార్డుకూ బడి కాగితాలకూ మాత్రం ఇంకో పేరు. నాన్నలాగే అద్దంకి నుంచి ఈ ఊరికి కూలికొచ్చిన కోటయ్యలు ఎందరో ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పుడే మునెమ్మ అనే ముసలావిడ బీపీ చూపించుకోవడానికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. చేతికి పట్టీ చుడుతూ కూడా నేను రాయి వైపే చూస్తున్నాను. ఏమైందని అడిగింది. రాయి మీది పేరు చూపించి, ఈయన తెలుసా అన్నాను.

"తెలీకేమప్పా, కోటయ్య మా ఇంటి పక్క షెడ్డులోనే ఉండె. ఊర్లో ఇద్దరు ఆడబిడ్లు ఉండారని ఎప్పుడూ చెప్తా ఉండె. క్రిస్మస్‌కి పోవల్లని చిక్కపేట అంగళ్లలో రెండు గౌన్లు తెచ్చి పెట్టుకుండె. మన్ను విరిగిపడిన పొద్దే మేస్త్రీ పారిపాయ. ఎవరికి పంపల్లో తెలీక మా బిడ్లకే తొడిగిస్తిమి. తప్పయిపాయ."

ఆయన కోసం ఎవరూ రాలేదా అని అడిగాను. కోటయ్య కోసం ఎవరూ రాలేదంది. ఏడాది తిరిగాక ఒకాయన వచ్చి, యోహాను ఉన్నాడా అని షెడ్డు షెడ్డూ తిరిగాడంది. "యోహానంటే మాకెవరు తెలుసునప్పా, అట్లాటోడు లేడని పంపిస్తిమి."

మోషే మామయ్య వెతికింది ఈ వీధిలోనేనక్కా. బావను కాగితాల మీది పేరుతో ఏ బావమరిది అడుగుతాడు? ఆయనకు తోచనే లేదు. తిరిగొచ్చి మనిషి లేడన్నాడు. ఇంకో ఆడదానితో కాపురం పెట్టాడని పేటలో ఎవరో అన్నారు. మనం నమ్మాం. అమ్మ ప్రార్థనలో ఆయన పేరు ఎత్తడం మానేసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? నర్సింగ్ చదివేటప్పుడు, లేచిపోయాడని చెప్పడానికి సిగ్గేసి, మా నాన్న చచ్చిపోయాడని అందరికీ చెప్పేదాన్ని. అబద్ధమనుకుంటూ అన్నేళ్లూ నిజమే చెప్పాను.

మునెమ్మే నన్ను కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. నువ్వు పెద్దదానివా చిన్నదానివా అని మాత్రం అడిగింది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. అన్నం తింటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను. కోటయ్య పక్కన యోహాను అని కూడా చెక్కించమని పార్కు చూసేవాళ్లను అడిగాను, సరేనన్నారు.

మామయ్యకు ఇప్పుడే చెప్పకు, ఆ పెద్దాయన తట్టుకోలేడు. ఆయన తప్పేం లేదని నేనే వచ్చి చెబుతాను. అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి. పాస్టరుగారితో మాట్లాడి, అందరి ఇళ్లలో జరిగినట్టే మనింట్లోనూ నాన్నకు జ్ఞాపకార్థ కూడిక పెట్టించు. సెలవు అడిగాను. పేటంతా రావాలి, ఆ మాట పుట్టించినవాళ్లతో సహా.

సంఘపెద్దలకూ బావగారికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నాకోసం ప్రార్థన చెయ్యి. అమ్మ నమ్మకపోతే, ఆయన ఇంటికి రావడానికే అన్నీ సర్దుకుని ఉన్నాడని చెప్పు.

నీ చెల్లెలు,
సునీత