అడుగునీరు ఎటు లాగుతోంది?

పెదనాన్నకు,

నేను ఓడ ఎక్కితే గంగమ్మ అలుగుతుందని అమ్మచేత ఫోన్ చేయించావు. ఇది ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

మన పల్లిపాలెంలో ఆడవాళ్లు చేపలు అమ్మాలే గాని పడవలో కాలు పెట్టకూడదు, తెలుసు. కానీ నా పరిశోధన ఒడ్డున లేదు. మనల్ని మోసే నేల ఒక పెద్ద రాతి పలక. అండమాన్ దగ్గర, సముద్రం అడుగున, అది పక్క పలక కిందికి దిగుతోంది. మన పడవను రెండు ముక్కలు చేసిన సునామీ అక్కడే పుట్టింది.

ఆ పలక తన బరువుకే దిగుతోందని మొదట్లో నేనూ అనుకున్నాను. వల కూడా బరువుకే మునుగుతుంది. ఎటు వాలాలో మాత్రం కింద పారే అడుగునీరు నిర్ణయిస్తుందని చూపించింది నువ్వే. భూమి లోపల వేడి రాయి కూడా అలాగే, గోళ్లు పెరిగినంత మెల్లగా, ప్రవహిస్తుంది. దిగే పలకను అది ఎటు నెడుతోందో, ఎంత వంచుతోందో తెలియాలంటే భూకంపాలను పట్టే పరికరాలు సముద్రం అడుగుకు దించాలి. దించేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఓడ సోమవారం విశాఖలో బయల్దేరుతుంది. మనింట్లో మొదటిసారి వేటకెళ్లే ప్రతివాడికీ కొబ్బరికాయ కొట్టి పంపింది నువ్వే. వచ్చి నాకూ కొట్టు. రాకపోతే నేనే కొట్టుకుని ఎక్కుతాను. గంగమ్మ అలిగితే ఆవిడ కాళ్లు నేనే పట్టుకుంటాను.

ఒడ్డుకొచ్చినవాళ్లను నువ్వు ముందు చేపల గురించి అడగవు, "అడుగునీరు ఎటు లాగుతోందిరా?" అంటావు. తిరిగొచ్చాక నన్నూ అదే అడుగు, పెదనాన్నా.

నీ తమ్ముడి కూతురు