నా నాడికి వేసిన సున్నా

విభాగాధిపతి గారికి నమస్కారాలు.

ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే మన్నించండి. సోమవారం నేను పెట్టిన శరీరధర్మశాస్త్రం ప్రాక్టికల్ మార్కులు దయచేసి మార్చాలి.

నాడి లెక్కపెట్టే పరీక్షకు ఇరవై ఏళ్లుగా నా చెయ్యే ఇస్తున్నానని మీకు తెలుసు. ముప్పై తొమ్మిది మంది అలా వేళ్లు ఆనించి డెబ్బై రెండని రాసేశారు. క్లాసులో నేనెప్పుడూ చెప్పే అంకె అదే. పదిహేడో నంబరు అమ్మాయి మాత్రం నా మణికట్టు వదల్లేదు.

"మధ్యమధ్యలో ఆగిపోతోంది సార్," అంది.

"ఆగింది నా నాడి కాదమ్మా, నీ బుర్ర," అన్నాను. అందరూ నవ్వారు. సున్నా వేశాను.

మర్నాడు బోర్డు మీద గుండె బొమ్మ గీస్తూ గీస్తూ పడిపోయాను. గుండె లయ తప్పి చాలా రోజులైందని డాక్టరు చెప్పారు. నా నాడి నేనెప్పుడూ చూసుకోలేదు. డెబ్బై రెండని తెలుసు కదా!

ఆ అమ్మాయికి పూర్తి మార్కులు వేయండి. మిగతా వాళ్లవి కొట్టేయమనలేను. వాళ్లు రాసింది నా జవాబే.

ఇంకొక్క మనవి. ఇందాక నర్సమ్మ నా చీటీలో డెబ్బై రెండని రాసి వెళ్లింది. నాకు నమ్మకం కుదరడం లేదు. ఒక్కసారి ఆ అమ్మాయిని పంపించండి.