బండ మీద చెంబెడు నీళ్ళు

నాయనా,

నిన్ననే నీ ఏడాది కార్యం అయింది. ఈ రోజు మన బండల పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్ళాను. నువ్వు పోయాక దాన్ని మామే చూసుకుంటున్నాడు. ప్రొద్దుటూరు కాలేజీలో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చదువుతున్నానంటే నవ్వే మనిషి, ఇవాళ నా పాఠం నాకే అప్పజెప్పాడు.

"బండ మింద నీళ్ళు పోసి, ఆరేదాకా నిలబడేది వేస్టు పాపా. పని యాడా ఆగకూడదని మీ పుస్తకాల్లోనే ఉండాదంట గదా. అందుకే మాన్పించినా."

పాఠంలో తప్పు లేదు. అది మామ నోట రావడమే నాకు మింగుడుపడలేదు. లారీ ఎక్కబోతున్న బండ మీద, నువ్వు పోసినట్టే చెంబెడు నీళ్ళు పోశాను.

"శానా ఎండగా ఉండాది, ఇంటికి పో పాపా," అన్నాడు మామ. ఇంత ప్రేమ ఎప్పుడూ చూపలేదు.

"ఆరనీ మామా," అన్నాను.

పగులుంటే అక్కడ తడి నిలుస్తుందని నువ్వే కదా చూపించావు. చూస్తుండగానే బండంతా తెల్లబడింది. నడుమ వెంట్రుకంత గీత మాత్రం నల్లగా, తడిగా ఉండిపోయింది. మామ ఫోన్ చూసుకుంటున్నాడు.

లారీలోకి అప్పటికే ఎక్కించిన బండలన్నీ దించమని చెప్పి, చెంబు మళ్ళీ నింపుకున్నాను.