పెట్టెలో డాక్టరు అడిగిన మాట

గోదావరిఖని,
2011 ఫిబ్రవరి 9.

రెజీనాకు,

ప్రభువు నామంలో దీవెనలు. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమమే, వాళ్ల క్షేమం చూస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది. కొత్తగూడెంలో నువ్వు, కెరోలిన్, పుట్టబోయే బిడ్డ బాగున్నారని నమ్ముతున్నాను. కాన్పు దాకా మన అమ్మాయిని మంచం దిగనివ్వకు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోను ఎందుకు ఎత్తరని అడిగావు. నోటి నిండా పుండ్లు, పెదవి కదిపితే రక్తం. గంజి కూడా చెంచాతో చుక్కచుక్కగా పోసుకుంటున్నాను. కుడిచెయ్యి ఒక్కటే సరిగ్గా ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇరవై నాలుగేళ్లుగా నా నోరు మూయించాలని నువ్వు పడ్డ పాటంతా ఈ జబ్బు వారం రోజుల్లో తేల్చేసింది.

చర్మం డాక్టరు వచ్చి చూశాడా అని అడిగావు. రాలేదు, రాడు. ఆ మహానుభావుడు హైదరాబాదులో చల్లగా కూర్చుని, మంగళవారం, శుక్రవారం టీవీ పెట్టెలో కనిపిస్తాడు. ఈ దవాఖానలో నర్సు సిస్టర్ పూలమ్మ నన్ను చక్రాల కుర్చీలో ఆ గదికి తోసుకుపోయి, చొక్కా విప్పించి, దద్దుర్ల పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి అతనికి పంపుతుంది. పెళ్లి ఫొటోకు కూడా నన్ను ఇన్నిసార్లు అటు తిరుగు, ఇటు తిరుగు అనలేదు. ముట్టుకోకుండా, వాసన చూడకుండా రోగం చెప్పేవాడు డాక్టరైతే, మన వాడకట్టులో గడప దాటకుండానే అందరి రోగాలూ చెప్పే గాజుల మల్లక్క కూడా డాక్టరే.

మొదటి రోజు ఏమడిగాడో తెలుసా? "నుదుటి మీద, భుజం మీద ఆ నీలం మచ్చలు ఎప్పటి నుంచి ఉన్నాయి?" అన్నాడు. బొగ్గు గీసుకున్న గాయం మానితే లోపల నీలంగా మిగులుతుందని బొగ్గుబాయి దిగే ప్రతివాడికీ తెలుసు. ఇరవై ఆరేళ్ల సర్వీసు నా నుదుటి మీద ఉంటే దాన్ని జబ్బనుకున్నాడు. పూలమ్మ నవ్వాపుకుని, "అవి బొగ్గు మచ్చలు సార్, గిక్కడ అందరికుంటయి" అని చెప్పింది. వీడా నాకు వైద్యం చేసేది అని లోపల్లోపల నవ్వుకున్నాను.

ఆ తర్వాత, "ఈ నెల రోజుల్లో కొత్తగా ఏ మందైనా వేసుకున్నారా?" అని అడిగాడు. లేదని తల ఊపాను. మళ్లీ అడిగాడు. మళ్లీ ఊపాను. చూపు కూడా ఆనదనుకున్నాను.

శుక్రవారానికి పుండ్లు పెరిగాయి, కళ్లు ఎర్రబడ్డాయి. కొత్త ఫొటోలూ పాత ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడట. "ఏదో మందు ఇంకా ఒంట్లోకి పోతూనే ఉంది. ఆపకపోతే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు" అన్నాడు. ఇంకేముంది, ఇక్కడి పెద్దసార్లు పులుల్లా లేచారు. రోగి లేదంటున్నాడు కాబట్టి తప్పు నర్సుదేనని తేల్చారు. వేరేవాళ్ల గోలీలు నాకిచ్చిందని పూలమ్మను సంజాయిషీ రాసిమ్మన్నారు.

ఆమె నా మంచం దగ్గరికి వచ్చింది. "అన్నా, చీటీల రాసిన గోలీలే ఇచ్చిన గదా నీకు? సార్ అడిగితే గా ఒక్క మాటకు తలకాయ ఊపు, సాలు" అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

"మీరు నాకు తెలియకుండా ఏమైనా మింగుతున్నారా?" అని నువ్వూ అడిగావు. ఆ మాటకు జవాబు రాయడానికే ఇంత దూరం సాగదీశాను.

మింగుతున్నాను. క్రిస్మస్ అయిన మూడోనాడు, మొదటి షిఫ్టులో, బొగ్గు టబ్బులను పైకి లాగే ఇంజను హ్యాండిలు నా చేతిలో ఉండగానే నాకు ఫిట్స్ వచ్చి పడిపోయాను. కళ్లు తెరిచేసరికి నా హెల్పర్ సర్వర్ భాయ్ రెండు చేతులా బ్రేకు నొక్కి పట్టుకుని ఉన్నాడు. కింద దారిలో మన పక్కింటి లింగమూర్తితో కలిసి నలుగురు నడుస్తున్నారు. "జర లేటైతే టబ్బులు గా నలుగురి మీదికి పోతుండె భాయ్. నేనెవ్వలకు చెప్ప. నువ్వు జల్ది డాక్టర్‌కు చూపించుకో" అన్నాడు సర్వర్. యూనియన్ మీటింగని నీకు చెప్పి కరీంనగర్ పోయింది అందుకే. అక్కడి డాక్టరు ఫిట్స్ గోలీలు రాసిచ్చి, మెషీను దగ్గరికి పోవద్దన్నాడు. మర్నాడే పోయాను. చెబితే ఇంజను మీద నుంచి దించేస్తారని భయం. ఈ దవాఖానలో కూడా మానలేదు. వార్డులో ఫిట్స్ వస్తే అందరికీ తెలిసిపోతుందని, గోలీల అట్టను బైబిలు జిప్పు కవరులో దాచుకుని మింగాను. నన్ను తినేస్తున్నది ఏదో మందేనని ఆ డాక్టరుకు ఫొటోల్లోనే అర్థమైంది, నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

నీ ఉత్తరంలో అదే ప్రశ్న చదివాక ఇక దాచలేకపోయాను. నిన్న మంగళవారం. పెట్టె ముందు కూర్చోబెట్టగానే, అట్ట మీది పేరు అక్షరం అక్షరం చూసి కాగితం మీద రాసి, కింద "ఫిట్స్ కోసం. నేనే మింగాను. సిస్టర్ ఇవ్వలేదు" అని రాసి కెమెరాకు ఎదురుగా పట్టుకున్నాను. అతను ముందుకు వంగి చదివాడు. తిడతాడనుకున్నాను. "ఇప్పుడే ఆపేయండి. ఫిట్స్‌కి వేరే మందు ఇప్పిద్దాం" అని ఇక్కడి డాక్టరుతో చెప్పి, "సిస్టర్, మీ రికార్డులో తప్పేమీ లేదు" అన్నాడు. పూలమ్మ నా వైపు చూడలేదు. కుర్చీ తోసుకుంటూ నన్ను వార్డుకు తెచ్చింది.

వారం నుంచి ఈ దవాఖానలో అందరినీ పురుగుల్లా చూశాను రెజీనా. అందరిలోకీ నీచంగా ప్రవర్తించింది నేనే. నలుగురి ప్రాణాలు నా చేతిలో పెట్టుకుని హ్యాండిలు పట్టుకున్నాను. నాకు సేవ చేసిన మనిషి పని ఊడుతుంటే గోడ చూస్తూ పడుకున్నాను.

ఇంజను ఇక నాకివ్వరు. బాయి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చే దీపాల గదిలో కూర్చోబెడతారేమో. మన వియ్యపురాలికి కెరోలిన్‌ను అప్పగించి రెండు రోజులు వచ్చిపో. నన్ను ఏమనాలనుకుంటే అది అను. నోరు మానడానికి ఇంకా పది రోజులు పడుతుందట, ఆలోపే రా. ఎదురు చెప్పకుండా వింటాను.

ఇట్లు,
కెరోలిన్ నాయన
ఆరోన్