ఇరవై ఎనిమిదో తారీఖు దాకా

డిసెంబర్ 9, సోమవారం

షిఫ్ట్ దిగి నేరుగా కాలేజీకి వెళ్లాను. మా అడ్వైజర్ గేల్ నా కాగితం బయటికి తీసింది. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు చదవాలో గళ్లు గీసి, తనే పెన్సిల్‌తో రాసిన కాగితం. అది రాసినప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఇప్పుడు ముప్ఫై ఆరు. రాసి, చెరిపి, మళ్లీ రాసి ఫిజిక్స్ గడి దగ్గర కాగితానికి చిల్లి పడింది.

ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టరు కింద ఉండి వైద్యం చేసే ఉద్యోగం, ఆ కోర్సుకి అప్లై చేయాలంటే సైన్సు సబ్జెక్టులన్నీ పూర్తవ్వాలి. అన్నీ ఏడేళ్ల లోపు చదివినవై ఉండాలి. ఏడేళ్లు దాటితే పాసైనా పాసవనట్టే, పాలడబ్బా మీద తేదీ దాటినట్టు. నా అనాటమీ 2018 మే నెలది. అప్లికేషన్‌కి ఆఖరు రోజు వచ్చే మే 15. మిగిలింది మైక్రోబయాలజీ ఒక్కటే. అది ఏడాదికి ఒక్కసారే, జనవరిలో మొదలవుతుంది. ఈ జనవరిలో చదివానా, అన్నీ చెల్లుతాయి. లేకపోతే అనాటమీ పోతుంది. దాన్ని మళ్లీ చదివేలోగా ఫిజియాలజీ పోతుంది, దాని వెనకే కెమిస్ట్రీ.

పదిమంది చేరకపోతే క్లాసు రద్దని గేల్ చెప్పింది. ఇప్పటికి తొమ్మిది మంది. ఆ తొమ్మిదిలో నువ్వూ ఉన్నావు బంగారం అంది, అదేదో ఓదార్పు అయినట్టు.

ఆలస్యం అమృతం విషం అంటారు. నేనేం కాళ్లు చాపుకుని కూర్చోలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి డయాలిసిస్ సెంటర్‌లో మిషన్లు పెట్టుకుంటూ సెమిస్టర్‌కి ఒక్క సబ్జెక్టు చదివాను. కోవిడ్‌లో ల్యాబులు మూసేశారు. ఆ తర్వాత అమ్మ తుంటి విరిగింది. ఇవన్నీ రాసుకోవడానికి గేల్ కాగితంలో గడి లేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

అడగనిదే అమ్మయినా పెట్టదు. కనపడిన వాళ్లందర్నీ అడిగాను, మైక్రోబయాలజీలో చేరతారా అని. సెంటర్‌లో మా షిఫ్ట్ చూసుకునే ఛార్జ్ నర్సు నవ్వింది. పెట్రోల్ బంకులో అమ్మాయి, అదేమన్నా బరువు తగ్గే క్లాసా అంది. అమ్మని కూడా అడిగాను. నా తుంటి చాలదా నీకు అంది.

డిసెంబర్ 20, శుక్రవారం

మా సెంటర్‌లో నాలుగో కుర్చీ పేషెంట్ ఎస్టిల్ నేపియర్ గారు. డెబ్బై ఒక్కేళ్లు. ఈ కొండల్లో ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు తోలాడు. చిన్నప్పుడు నేనూ ఆ బస్సే ఎక్కేదాన్ని. ఐదేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు వస్తాడు, నాలుగేసి గంటలు కూర్చుంటాడు. సూదులు గుచ్చేది నేనే. భార్య పోయింది, పిల్లల్లేరు.

గుచ్చుతుంటే అడిగాడు, ఏమే పిల్లా, వారం నుంచి మొహం వేలాడేసుకున్నావు, ఎవడన్నా వదిలేశాడా అని. చెప్పాను. ఆయన అంతా విని, నేనొక సంవత్సరం ఆ కాలేజీలోనే ఏడ్చానే, 1972లో, బయాలజీ గట్టెక్కాను కూడా, తర్వాత మా నాన్న పనికి పొమ్మంటే బస్సు తోలడానికి పోయాను, నా పేరు రాయించుకో పో అన్నాడు. అరవై ఐదు దాటితే ఫీజు కూడా లేదుగా, ముసలాడికి అదొక్కటే లాభం అన్నాడు.

చింత చచ్చినా పులుపు చావలేదు ఈయనకి.

జనవరి 6, సోమవారం

గేల్ పాత రికార్డులు తవ్వి తీసింది. క్లాసులో చేరడానికి పాత బయాలజీ అయినా చాలట, ఏడేళ్ల లెక్క అప్లికేషన్‌కి మాత్రమేనట. ఆయనది యాభై రెండేళ్ల నాటిది, భేషుగ్గా చెల్లింది.

పదిమందయ్యారు. ఇంటికొచ్చి చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నాను.

జనవరి 10, శుక్రవారం

గేల్ ఫోన్. పేరు ఉంటే చాలదట. 28న క్లాసులో కూర్చున్న తలలు లెక్కపెడతారు. మనిషి లేకపోతే పేరు కొట్టేస్తారు. తొమ్మిదికి పడిపోతే అక్కడికక్కడే క్లాసు మూత.

ఈ మాట ముందు చెప్పొద్దా అన్నాను. అందరికీ తెలుసనుకున్నా బంగారం అంది.

జనవరి 13, సోమవారం

నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పాడు. డయాలిసిస్ ఆపేస్తున్నాడట. డాక్టరుతో మాట్లాడాడు, కాగితాల మీద సంతకం పెట్టాడు. ఎల్లుండి బుధవారమే ఆఖరు. ఐదేళ్లయిందే, విసుగొచ్చింది, ఇంటికెళ్లి ఒక పెద్ద గిన్నెడు చిక్కుడు గింజల పులుసు తింటా, టమాటాలు కోసుకుని తింటా, మీరు తిననివ్వనివన్నీ తిని పడుకుంటా అన్నాడు. ఆపేస్తే బతికేది వారం, మహా అయితే పది రోజులు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నీ క్లాసులో నా పేరు ఉంటుందిగా, దానికేం ఢోకా లేదుగా అన్నాడు.

ఆపేయడం ఆయన హక్కు. మాకు ట్రైనింగ్‌లో నేర్పారు, వాదించకూడదు, చెయ్యి పట్టుకుని వినాలి అని. చెయ్యి పట్టుకున్నాను.

పట్టుకుని, ఇరవై ఎనిమిదో తారీఖు దాకా ఆగండి అన్నాను.

ఎందుకో కూడా చెప్పాను. అబద్ధం ఆడలేదు. అదొక్కటే నా వైపు చెప్పుకోవడానికి ఉంది. ఆయన మిషన్ వైపు చూశాడు. తర్వాత, తలకాయలు లెక్కపెట్టనిదే నేనూ బస్సు కదిపేవాణ్ని కాదులే అన్నాడు.

జనవరి 14, మంగళవారం

మొదటి క్లాసు. ఎస్టిల్ గారు టై కట్టుకుని వచ్చాడు. కొత్త నోటుబుక్కు. మా లెక్చరర్ ప్రూయిట్ ఆయన వయసులో సగం ఉంటాడు. అతను పేరు పిలిస్తే, ఈయన ఉన్నాను సార్ అని లేచి నిలబడ్డాడు. ఆడపిల్లలు నవ్వారు.

జనవరి 17, శుక్రవారం

బుధవారం ఆఖరు కావాల్సింది. ఇది దాని తర్వాత మొదటిది. సూది దిగేటప్పుడు ఎప్పుడూ ఆయన కిటికీ వైపు చూస్తాడు. ఇవాళ నన్ను చూశాడు.

జనవరి 20, సోమవారం

డాక్టరు నన్ను పక్కకి పిలిచి మెచ్చుకున్నాడు. ఎస్టిల్ మనసు మార్చుకున్నాడు, నీ క్లాసు ఆయనకి బతకాలన్న ఆశ పుట్టించింది, మేం చేయలేనిది నువ్వు చేశావు అన్నాడు. ఛార్జ్ నర్సు భుజం తట్టింది.

మింగలేక కక్కలేక నిలబడ్డాను. చివరికి థాంక్యూ అన్నాను. నిజంగానే అన్నాను.

జనవరి 21, మంగళవారం

ల్యాబు. దవడ లోపల పుల్లతో గీకి మైక్రోస్కోపు కింద పెట్టాలి. నా పార్ట్‌నర్ ఆయనే. చాలాసేపు చూశాడు. ఇన్ని ప్రాణులు నా నోట్లో కాపురం ఉంటున్నాయా, ఇన్నాళ్లూ ఇంట్లో నేనొక్కణ్ణే అనుకున్నానే అన్నాడు. ప్రూయిట్ కూడా నవ్వాడు. ఆయన నోటుబుక్కులో బొమ్మ వేసుకున్నాడు. చెయ్యి వణికి గుండ్రాలన్నీ కోడిగుడ్లయ్యాయి.

డాక్టరు చెప్పిందే నిజమేమో, ఆయనకి ఇది బాగానే ఉందేమో అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పడుతుంది.

జనవరి 22, బుధవారం, సాయంత్రం 4

నిజం కాదు. ఇవాళ మూడో గంటలో బీపీ పడిపోయింది. కాళ్లలో కండరాలు పట్టేశాయి. బస్సు తోలిన మనిషి, గట్టి మనిషి, పిల్లాడిలా అరిచాడు. సెలైన్ ఎక్కించాను, పాదాన్ని నా పొట్టకి ఆనించి వెనక్కి తోశాను. అరుపు తగ్గాక చెమటతో అడిగాడు, ఇంకా ఎన్ని రోజులే అని.

ఆరు అన్నాను.

ఆపేద్దాం అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ వరసగా కళ్లముందు నిలబడ్డాయి. ఆరు రోజులే కదా అన్నాను.

జనవరి 23, గురువారం

ఆయన క్లాసుకి రాలేదు. గంటంబావూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. బ్యాక్టీరియా కణం గోడ గురించి ప్రూయిట్ ఏం చెప్పాడో ఒక్క ముక్క తలకెక్కలేదు.

జనవరి 24, శుక్రవారం

డయాలిసిస్‌కి వచ్చాడు. క్లాసు మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జనవరి 27, సోమవారం

నలభై నిమిషాలు ఆలస్యం. ఫోన్ ఎత్తలేదు. నాలుగో కుర్చీ ఖాళీగా కనపడగానే నాకు మొదట తట్టింది ఏంటో ఇక్కడ రాస్తున్నాను, ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి. తొమ్మిది. ఆయన పేరు కాదు. ఆయన పడిపోయాడేమో, చల్లబడిపోయాడేమో అని కాదు. తొమ్మిది అని తట్టింది.

తర్వాత వచ్చాడు. బండి స్టార్ట్ కాలేదట. ఆయన్ని చూడగానే ఏడుపొచ్చింది. నాకోసమటే, అన్నాడు. సూదులు గుచ్చాను.

జనవరి 28, మంగళవారం

నేనే వెళ్లి తీసుకొచ్చాను. మెట్ల మీద నిలబడలేకపోతే సెంటర్ నుంచి తెచ్చిన వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాను. టై మాత్రం కట్టుకున్నాడు.

ప్రూయిట్ పేర్లు పిలిచాడు. ఉన్నాను సార్ అన్నాడు, ఈసారి లేవకుండా. ప్రూయిట్ తలలు లెక్కపెట్టి కాగితం మీద పది అని వేశాడు. క్లాసు నిలబడింది. ఆయన మిగతా గంటా గోడకి తల ఆనించి నిద్రపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు పాత బస్సు రూటులో పోనివ్వమన్నాడు. ప్రతి మలుపులో ఒక పేరు చెప్పాడు. ఇక్కడ కవలలు, ఇక్కడ ఆ ఏడుపుగొట్టు పిల్లాడు, వంతెన దగ్గర ముగ్గురు. మా పాత ఇంటి ముందుకి రాగానే కారు ఆపించాడు. నువ్వు ఏ రోజు టైముకి దిగొచ్చావే ఈ గుట్ట మీంచి అన్నాడు. రెండేసి నిమిషాలు ఆగేవాణ్ని, వెనకాల పిల్లలంతా గోల, పోనీ పోనీ అని. నీకోసం ఆగడం నాకేం కొత్త కాదులే, ఇక పోనియ్ అన్నాడు.

పోనిచ్చాను. రోడ్డు సరిగ్గా కనపడలేదు.

ఇంట్లో దింపి, మూత తీయలేడని చిక్కుడు గింజల డబ్బా నేనే తెరిచి, గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టాను. రెండు వారాల ముందు తినాల్సింది.

జనవరి 29, బుధవారం

నాలుగో కుర్చీలో కొత్త పేషెంట్. ఆవిడ చేతికి నరం దొరకలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఈ పొద్దున పోయాడు. నిద్రలోనే అని, చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పీస్ నర్సు చెప్పింది. నేను ఒక్కసారి మాత్రమే చూడటానికి వెళ్లాను. మిగతా రోజులు టెస్టుకి చదువుకున్నాను. సాయంత్రం ఆ టెస్టు రాశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆఫీసు వాళ్లు లిస్టు ఇంకా మార్చలేదు. ప్రూయిట్ హాజరు తీసుకుంటూ, నేపియర్ అని పిలిచేసి, ఆగిపోయాడు. ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తి, ఇప్పుడు క్లాసు రద్దవుతుందా సార్ అని అడిగింది. లేదు, లెక్క అయిపోయింది అన్నాడు. ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. దాన్ని కొట్టాలనిపించింది. ఆ పిల్ల అడగకపోతే నేనే అడిగేదాన్ని.

మే 14, బుధవారం

మైక్రోబయాలజీ బి ప్లస్. అనాటమీకి ఇంకా ఒక రోజుంది. అప్లికేషన్ పంపించేశాను, గేల్‌కి ఒక కాపీ.

పేషెంట్ల సేవలో గడిపిన గంటలెన్ని అని అందులో ఒక గడి ఉంది. సెంటర్ వాళ్ల లెటర్‌లో 11,460 అని ఉంది. నేను 11,440 అని నింపాను. నేను తగ్గించిన గంటల్లో మిగతా కుర్చీల వాళ్లు కూడా ఉన్నారు, తెలుసు. గేల్ ఫోన్ చేసి, లెటర్‌కీ నీకూ లెక్క కలవట్లేదు, తప్పు పడిందేమో చూసుకో బంగారం అంది.

చూసుకున్నాను. జనవరి పదిహేడు, ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఏడు. అయిదు నాలుగులు ఇరవై.