పరుగుకు ముందే కొట్టిన పేరు

అక్కయ్యకు,

అందరం కులాసా అని రాయబోతే చెయ్యి రావడం లేదు. జ్వరాలూ దెబ్బలూ ఏమీ లేవులే, కంగారుపడకు. ఉన్నది కోపం ఒక్కటే. ‘నీ ఉత్తరం గోదాములో సరుకు పట్టీలా ఉంటుందిరా’ అని నువ్వు ఎప్పుడూ వెక్కిరిస్తావు. ఈసారి ఓపికగా చదవాలి. నోటితో చెప్పుకోవడం నాకు రాదు, నీకు తెలిసిందే.

నీ మేనకోడలు చదివే కామర్స్ హైస్కూల్లో పనులన్నీ పిల్లల క్లబ్బులే చేస్తాయి. పెన్సిళ్ళూ పుస్తకాలూ అమ్మేది దుకాణం క్లబ్బు. సభల్లో మైకు పట్టుకునేది వక్తల క్లబ్బు. యోగ్యతా పత్రాలు టైపు కొట్టేది టైపు క్లబ్బు, అంటే మన అమ్మడు ఉన్నది. పిల్లలకు ఆఫీసు పని అలవాటు కావాలని ఈ ఏర్పాటు. బాగానే ఉందనుకున్నాను. నిన్న ఆటల పండగలో చూశాను ఎంత బాగుందో.

అమ్మడు పెద్ద పరుగులో పోటీ చేసింది. మైదానం చుట్టూ తిరిగి తిరిగి వచ్చే పరుగు. ఆ పరుగులో ఏటా గెలిచే పిల్లను స్కూలంతా ‘రైలు’ అని పిలుస్తారు. పొడుగాటి పిల్ల, తల ఎత్తి పరిగెడుతుంది. ఆఖరి చుట్టు వరకూ రైలే ముందుంది. మలుపు దగ్గర మన పిల్ల బయటి వైపు నుంచి అందుకుంది. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ వచ్చారు, గీత దగ్గరకు వచ్చేసరికి మనది ఒక అడుగు ముందుంది. దారం దాని ఛాతీకే తెగింది. నా పక్కన ఎవరో పెద్దమనిషి నా భుజం పట్టి ఊపేస్తూ, “ఎవరండీ ఆ పిల్ల, గాలికి పుట్టిందా ఏం!” అన్నాడు. మా అమ్మాయే అనకుండా, నేనూ ఆయనతో పాటు చప్పట్లు కొట్టాను.

వెంటనే బహుమతులు. మొదటి బహుమతికి మైకులో రైలు పేరు పిలిచారు.

ఆ పిల్ల వేదిక ఎక్కి, పత్రం చదువుకుని, “నేను రెండోదాన్ని సార్,” అంది. మైకులో అందరికీ వినపడింది. జనం నవ్వారు. హెడ్మాస్టారు కూడా నవ్వి, “అవన్నీ తర్వాత చూద్దాం, ముందు ఫోటో,” అని ఆ పత్రం మళ్ళీ దాని చేతిలోనే పెట్టారు. తర్వాత రెండో బహుమతికి మన అమ్మడిని పిలిచారు. అది వెళ్ళింది. తీసుకుంది. ఫోటోకి నవ్వింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది.

సంగతేమిటంటే, వచ్చిన అతిథి తొందరగా వెళ్ళిపోతాడని పత్రాలన్నీ ముందు రోజే కొట్టి, సంతకాలు చేసి, ముద్రలు వేసి ఉంచుతారట. గెలుస్తారనుకున్న వాళ్ళ పేర్లతో! ఇది ఏళ్ళ తరబడి ఆనవాయితీ అట. పంట కోయకముందే గాదె నిండిందని రాసుకున్నట్టు లేదూ? ఇది పత్రంతో పోయేది కూడా కాదు. మొదటి పత్రం ఎవరి పేరున ఉందో వాళ్ళనే అన్ని స్కూళ్ళ పోటీలకు పంపుతారు. ఒక్కో పరుగుకు స్కూలుకి ఒక్కరే.

ఇంటికొచ్చాక అమ్మడు పత్రం బట్టల కింద పెట్టేసి, “వదిలెయ్ నాన్నా,” అంది. నీ మరదలు ఊరుకుంటుందా? “మీరు గుటక వేసి ఊరుకోవడం నేర్చారు, అది మీ దగ్గర నేర్చింది,” అని నన్ను దులిపేసింది. రేపు గోదాములో సెలవు అడిగి స్కూలుకు వెళ్తాను. ఈసారి ఊరుకోను.

నీ తమ్ముడు


అక్కయ్యకు,

వెళ్ళాను. ఏమనాలో దారంతా వల్లించుకుంటూనే వెళ్ళాను.

హెడ్మాస్టారి గదిలో టైపు మాస్టారూ డ్రిల్లు మాస్టారూ కూడా ఉన్నారు. మర్యాదగానే కూర్చోబెట్టారు. “మా అమ్మాయి మొదట వచ్చిందండీ,” అన్నాను.

“మేమూ చూశాం కదండీ. చాలా బాగా పరిగెత్తింది,” అన్నారు హెడ్మాస్టారు.

“మరి పత్రం?”

“సంతకం పడ్డాక అది రికార్డు. పరుగు ఐదు నిమిషాల ముచ్చట. రికార్డు అలా కాదు, నిలిచి ఉంటుంది. మీరు లెక్కలు రాసేవారు, మీకు చెప్పాలా?”

చూశావా, నా పనినే నాకు అడ్డం పెట్టాడు! జరిగినదాన్ని రాస్తే రికార్డు అవుతుంది గాని, రాసినదాన్ని బట్టి జరిగినదాన్ని మార్చుకుంటారా ఎక్కడైనా? ఈ మాట నాకు ఇంటికొచ్చాక తోచింది. అక్కడ మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. డ్రిల్లు మాస్టారు ఈల తాడును వేలికి చుడుతూ, విప్పుతూ కిటికీ బయటికి చూస్తున్నాడు. గీత దగ్గర నిలబడి కళ్ళారా చూసిన మనిషి. ఒక్క మాట మాట్లాడితే ఆయన సొమ్మేం పోయింది?

అప్పుడు టైపు మాస్టారు మెత్తగా అందుకున్నాడు. “ఇంకో ఇబ్బంది ఉందండీ. ఉత్తమ క్లబ్బు కప్పు ఈ ఏడు మా టైపు క్లబ్బుకే వచ్చింది. తప్పులేని పనికి ఇచ్చే కప్పు అది. పత్రం తప్పని ఒప్పుకుంటే కప్పు వెనక్కి ఇవ్వాలి. మీ అమ్మాయి తోటి పిల్లల కప్పే. ఆలోచించుకోండి మరి.”

ఆలోచించుకోవాలట. నేనూ నా కూతురూ. “సరేనండి,” అని లేచి వచ్చేశాను.

“సరేనండి అని వచ్చారా!” అంది నీ మరదలు. “ఆ మాటకి ఇస్త్రీ చొక్కా ఎందుకు దండగ?”

అమ్మడు అప్పుడు మెట్ల మీద కూర్చుని పరుగు బూట్లు కడుక్కుంటోంది. పక్కన కూర్చున్నాను. ఆ పేరు కొట్టింది ఎవరని అడిగాను.

“నేనే,” అంది.

“మాస్టారు ఆ పేరు వెయ్యమన్నారా?”

“మాస్టారు ఎవరి పేరూ చెప్పలేదు నాన్నా. ఎవరిది వెయ్యమంటారు సార్ అంటే, పరిగెత్తేదానివి నీకే బాగా తెలుస్తుంది, నువ్వే చూసి వెయ్యి అన్నారు. తనది మొదట వేశాను. నాది రెండు.”

“నీదే మొదట వేసుకోవచ్చుగా?”

“సొంత పేరు వేసుకుంటే క్లబ్బులో ఏమనుకుంటారు?” అని బూటు లోపల గుడ్డ పెట్టి చాలాసేపు తుడిచింది. “అయినా నేను గెలుస్తానని నేనే అనుకోలేదు. మలుపు దగ్గర రైలు నెమ్మదించింది. అప్పుడు తెలిసింది. తెలిశాక ఎలా ఆగను?”

అక్కయ్యా, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నువ్వు ఓడిపోతావు, ఆ సంగతి నువ్వే నీ చేత్తో ముందుగా కొట్టు అని ఒక పిల్లకు పని అప్పగిస్తారా? పైగా అక్షరం పోకుండా, అంచు తప్పకుండా కొట్టినందుకు కప్పు! ఇదా వీళ్ళు నేర్పే ఆఫీసు పని? దాన్ని ఒక్క మాట అనలేదు నేను. అనడానికి నాకు నోరు లేదు. కోపమంతా ఆ గదిలో కూర్చున్న ముగ్గురి మీదే.

నిశ్చయించుకున్నాను. అమ్మడిని ఈ స్కూలు మాన్పించేస్తాను. టీసీకి అర్జీ రాసి పెట్టుకున్నాను. మీ ఊళ్ళో హైస్కూలు మంచిదన్నావు కదా. అక్కడ సీటు ఉంటుందేమో బావగారిని కనుక్కోమను. నీ దగ్గర ఉంచుకుంటావా? దానికి ఇంకా చెప్పలేదు. నీ మరదలు మాత్రం విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. తను ఏమీ అనకపోవడం ఎప్పుడూ మంచిది కాదు.

జవాబు వెంటనే రాయి.

నీ తమ్ముడు


అక్కయ్యకు,

అమ్మడి కోసం గది సర్దేశానని రాశావు. నీ మనసు నాకు తెలుసు. కాని ఆ మంచం మళ్ళీ మడిచేసుకో. అది రావడం లేదు. ఇక్కడేమైందో చెబుతాను.

అర్జీ జేబులో పెట్టుకుని స్కూలుకు వెళ్ళేసరికి హెడ్మాస్టారి గది ముందు ఆడపిల్లల గుంపు. టైపు క్లబ్బంతా అక్కడే ఉంది, కప్పుతో సహా. ముందు రోజు అమ్మడు వాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పి, కప్పు తిరిగి ఇచ్చేద్దామా అని అడిగిందట. పెద్ద గొడవే అయిందట. ఒక పిల్ల ఏడ్చిందట. ఇంకో పిల్ల, “నీ పరుగు కోసం మా కప్పు ఎందుకు పోవాలే?” అని ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఆ పిల్లను కూడా తప్పు పట్టలేం. చివరికి క్లబ్బు కార్యదర్శి, బుగ్గల పిల్ల ఒకర్తి ఉందిలే, “తప్పు కొట్టినందుకు కప్పేమిటే, మా తమ్ముడు కూడా నవ్వుతాడు,” అని తేల్చేసిందట. గుమ్మంలో ఆ పిల్లే కప్పును చంటిపిల్లలా చంకనెత్తుకుని నిలబడింది.

అమ్మడు నన్ను చూడలేదు. హెడ్మాస్టారితో, “ఆ పత్రాలు కొట్టింది నేనే సార్. తప్పు కొట్టాను. గెలిచింది నేను,” అంది.

ఆయన అప్పుడైనా దిద్దాడా? లేదు. బాగా ఆలోచించి, సాయంత్రం ఆ పరుగు మళ్ళీ పెడతామన్నాడు. గెలిచిన పిల్ల మళ్ళీ గెలిచి చూపించాలట, ఆయన సంతకం పరువు నిలబడటానికి! వెళ్ళవద్దని చెబుదామనుకున్నాను. అమ్మడు అప్పటికే సరే అనేసింది.

సాయంత్రం నేనూ నీ మరదలూ కంచె దగ్గర నిలబడ్డాం. అమ్మడు బూట్లు బిగించుకుని గీత మీద నిలబడింది. రైలు వచ్చింది, పక్కనే నిలబడింది. డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. అంతలో రైలు నేల మీద చతికిలబడింది.

“ఏమైందే? కాలు పట్టేసిందా?” అన్నాడాయన.

“కాలు బాగానే ఉంది సార్. ఒకసారి ఓడిపోయాను, చాలు. రెండోసారి ఓడటానికి నాకు ఓపిక లేదు.”

“పిచ్చిదానా, ఈసారి నువ్వే గెలవచ్చు కదా!”

“గెలిస్తే అప్పుడు మూడోసారి పెడతారా?” అంది రైలు. “మా అమ్మ ఆ పత్రం గోడకు పెట్టనివ్వడం లేదు సార్. మందిది మనింట్లో ఎందుకే అని రోజూ తిడుతోంది.”

అమ్మడు దాన్నీ చూసింది, ఆయన్నీ చూసింది. “మరి నేను ఒక్కదాన్నే పరిగెత్తాలా సార్?” అంది. చుట్టూ ఉన్న పిల్లలు గొల్లున నవ్వారు. ఈల నోట్లో ఉందన్న సంగతి మరిచి డ్రిల్లు మాస్టారు కూడా నవ్వబోయాడు. ఈల కూసింది. ఇద్దరిలో ఎవరూ కదలలేదు. ఆయన ఈల తీసి జేబులో వేసుకుని, హెడ్మాస్టారి వైపు తిరిగి, “ఆ రోజు గీత దగ్గర నేనే ఉన్నాను సార్. ఈ అమ్మాయే గెలిచింది. ఆ రోజే చెప్పాల్సింది,” అన్నాడు. ఆలస్యంగానైనా ఒక మగాడు నోరు తెరిచాడు.

హెడ్మాస్టారు, “సరే, మార్చండి,” అని వెళ్ళిపోయాడు. తప్పయిందమ్మా అన్న ఒక్క మాట ఆయన నోటి నుంచి రాలేదు. ఇప్పటికీ రాలేదు. అది నేను మరిచిపోను.

ఇంటికొస్తూ జేబులోని అర్జీ తీసి అమ్మడికి చూపించాను. అది రోడ్డు మీదే ఆగిపోయింది. “నేనెందుకు వెళ్ళాలి? నేను పోతే వచ్చే ఏడు ఇంకో పిల్ల చేత ముందు రోజే కొట్టిస్తారు. పేరు చోటు ఖాళీగా వదలందే ఏ పత్రమూ కొట్టేది లేదని మా క్లబ్బు తీర్మానం చేసింది. వచ్చిన అతిథి కాసేపు కూర్చుంటాడు, ఏం పోయింది?” అంది. నీ మరదలు నా చేతిలోంచి అర్జీ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన సంచిలో పడేసుకుంది. ఇన్నాళ్ళూ ఏమీ అనని మనిషి అప్పుడంది: “ఆడపిల్ల పరిగెత్తి గెలిస్తే, మీరు దాన్ని పరిగెత్తించి ఊరు దాటించబోయారు.”

ఈ ఉదయం పోటీలకు బస్సు బయలుదేరింది. ఎక్కేముందు అమ్మడు, “ఎవరు గెలుస్తారంటావు నాన్నా?” అంది.

“నువ్వు చెప్పు,” అన్నాను.

ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, “నేనే,” అంది, పెదాలతోనే.

“వినపడలేదు.”

“నేనే!”

బస్సులో పిల్లలంతా తిరిగి చూశారు. చిన్న పరుగుకు వెళ్తున్న రైలు కిటికీలోంచి తల బయట పెట్టి, “సంతోషించాం గాని ముందు ఎక్కవే! నువ్వు గెలిచేలోపల బస్సు గెలిచేట్టుంది,” అని అరిచింది.

దాంతో ఇవాళ గోదాముకు ఆలస్యమైంది. యజమాని ఎందుకని అడిగాడు. మా అమ్మాయిని పోటీలకు పంపి వస్తున్నానని చెప్పాను. ఆయన తల ఊపి తన పనిలో పడ్డాడు. నేను అక్కడే నిలబడి, ఆయన అడగని మాట ఒకటి కూడా చెప్పాను: “స్కూలు మొత్తం మీద మొదట వచ్చిందండీ.”

నీ తమ్ముడు